నలభై ఒకటో నిమిషం: ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద ఒక ఇంజను మరమ్మతు డైరీ

పడవ ఎందుకు కొన్నామో, మొదటి వేసవి ఎంత హాయిగా గడిచిందో ఇక్కడ రాయడం లేదు. సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మూడో వారం దాకా మా ఇంజను ఎన్నిసార్లు ఆగింది, ఏ కారణమని అనుకున్నాను, ఏది విప్పాను, ఏది అనవసరంగా మార్చాను అన్నవే ఈ డైరీలో ఉన్నాయి. ఇలాంటి పాత డీజిల్ ఇంజనుతో కాలువ మీద కాపురం చేసేవారు నా కొలతలను వాడుకోవచ్చు, నా తప్పులను దాటి పోవచ్చు.

పడవ, ఇంజను, గొట్టాల వరుస

మాది 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉన్న ఉక్కు నారోబోటు. ఇంగ్లండులోని ఇరుకు లాకులు (నీటి మట్టం మార్చి పడవను ఎక్కించే, దించే తలుపుల తొట్లు) సుమారు 7 అడుగుల వెడల్పు కనుక ఈ కొలత వచ్చింది. నేను కోనసీమలో పుట్టినవాణ్ణి కాబట్టి లాకు, గట్టు, చుక్కాని అన్న మాటలకు ఇక్కడ కొత్త అర్థాలు నేర్చుకోవలసిన పని పడలేదు. ఇంజను బీఎంసీ 1.8, నాలుగు సిలిండర్లు, 1798 సీసీ. వెనక డెక్కు పలకలు ఎత్తితే కింద కనబడుతుంది. డీజిల్ టాంకు 180 లీటర్ల ఉక్కు పెట్టె. అది పడవ వెనక చివరన, ఇంజనుకు దిగువన ఉంది. దానికి అడుగున కుళాయి లేదు. పైనుంచి దించిన గొట్టం ద్వారానే డీజిల్ వస్తుంది.

డీజిల్ ప్రయాణించే వరుస ఇది: టాంకు, నీరు వేరుపడే గాజు గిన్నె, లిఫ్ట్ పంపు, కాగితపు ఫిల్టరు, ఇంజెక్షన్ పంపు, నాజిళ్లు. ఈ వరుసను గోడకు అంటించుకోవడం కాదు, అర్థం చేసుకోవడం ముఖ్యమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. లిఫ్ట్ పంపుకు ముందు భాగంలో డీజిల్‌ను పంపు లాగుతుంది కనుక అక్కడ సందు ఉంటే డీజిల్ చుక్క కూడా బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. లిఫ్ట్ పంపు తరువాత డీజిల్‌ను నెడుతుంది కనుక అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి చెమరుస్తుంది. తడి కనబడిన చోట గాలి కోసం వెతికి నేను నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

మొదటి దశ: ఆగిన వేళలు (సెప్టెంబరు 27, 28)

బాన్‌బరి నుంచి క్రోప్రెడీకి నాలుగైదు మైళ్ల దూరం. ఆ దారిలో ఇంజను మూడుసార్లు ఆగింది. మొదటిసారి 52 నిమిషాలకు, రెండోసారి 47కు, మూడోసారి 38కు. ప్రతిసారీ వేగం సన్నగిల్లి, రెండుమూడుసార్లు దగ్గినట్లయి ఆగిపోయేది. పదిహేను నిమిషాలు వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్లు అందుకునేది. మూడోసారి ఆగినది లాకుకు మూడువందల మీటర్ల ముందు. మా ఆవిడ చుక్కాని పట్టుకుంది, నేను గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగాను. సుమారు 17 టన్నుల పడవ కదలడానికి చాలాసేపు మొరాయించింది, కదిలాక ఆగడానికి కూడా అంతే మొరాయించింది.

మాది సొంత రేవు లేని లైసెన్సు. ఒకే చోట 14 రోజులకు మించి ఉండకూడదు, అయితే పరిస్థితులను బట్టి సబబైనంత ఎక్కువ కాలం ఉండే వీలు 1995 నాటి చట్టంలోనే ఉంది. కాలువలను చూసే ట్రస్టుకు ఆ సాయంత్రమే ఇంజను సంగతి రాశాను. పడవ చెడినప్పుడు ముందుగా చేయవలసిన పని ఇదేనని నా అభిప్రాయం. గడువు దాటాక రాస్తే అది సంజాయిషీ అవుతుంది. మా అసలు తొందర వేరు. నవంబరు మొదలుకొని చలికాలపు మరమ్మతుల కోసం అక్కడక్కడ లాకులు మూసేస్తారు. ఆ లోపల ఉత్తరానికి వెళ్లి బ్రాన్‌స్టన్ సొరంగం దాటాలి. ఆ సొరంగం 2,042 గజాలు, అంటే సుమారు 1,867 మీటర్లు. లోపల గట్టు లేదు, తాడు పట్టి లాగే వీలు లేదు. అందువల్ల వరుసగా పది గంటలు ఇంజను ఆగకుండా నడిచేదాకా సొరంగంలోకి వెళ్లకూడదని ఇద్దరం నిర్ణయించుకున్నాం.

*ఇప్పటికి: ఆగినవి 3 సార్లు. ఖర్చు 0 పౌండ్లు.*

రెండో దశ: టాంకు అడుగున ఏముందో చూడటం (సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 3)

గాజు గిన్నెలో వేలెడు నీళ్లు ఉన్నాయి. ఫిల్టరు విప్పితే కాగితం మడతల నిండా నల్లటి జిగురు. డీజిల్ కిందికి చేరిన నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆ నల్ల జిగురు వాటి పనే. పొడవైన కర్రకు నీటిని పసిగట్టే పేస్టు పూసి టాంకులోకి దించాను. అడుగు నుంచి 2 సెంటీమీటర్ల దాకా రంగు మారింది.

నీళ్లు ఎలా వచ్చాయో వెతకడం కష్టం కాలేదు. డీజిల్ పోసే మూత వెనక డెక్కుతో సమంగా ఉంటుంది, వాన పడితే దాని మీద నీళ్లు నిలుస్తాయి. మూత కింది రబ్బరు రింగు ఎండి, మూడుచోట్ల పగిలింది.

టాంకు శుభ్రం చేసిన తీరు:

1. చేతి పంపు గొట్టాన్ని టాంకు మూలల అడుగుదాకా దించి, మిగిలిన 70 లీటర్లనూ పారదర్శకమైన డబ్బాల్లోకి తోడాను.
2. రాత్రంతా కదపకుండా ఉంచాను. తెల్లవారేసరికి నీరు, మడ్డి కిందికి దిగాయి.
3. పైన తేరిన 58 లీటర్లను సన్నని జల్లెడ గుండా తీసుకున్నాను. మిగిలిన 12 లీటర్ల మడ్డిని వాడేసిన నూనెలు తీసుకునే పురపాలక కేంద్రంలో అప్పగించాను. దీన్ని ఇంజను కింది గుంటలో వదిలితే, పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జి పంపు కాలువలోకి చిమ్ముతుంది, జాగ్రత్త.
4. గాజు గిన్నెను గొట్టం నుంచి విడదీసి, కడిగి, తిరిగి బిగించాను. ఈ వాక్యం గుర్తుంచుకోండి.
5. కొత్త ఫిల్టరు, మూతకు కొత్త రబ్బరు రింగు వేశాను. సూక్ష్మజీవులను చంపే మందును డబ్బా మీద చెప్పిన మోతాదులో కలిపాను.

టాంకులో ఖాళీ ఎంత ఎక్కువ ఉంటే గాలిలోని తేమ అంత ఎక్కువగా గోడలకు పట్టి నీరవుతుందని, చలికాలంలో టాంకు నిండుగా ఉంచుకోమని ఇక్కడ అందరూ చెబుతారు. అది నిజమే. కాలువ మీద తిరిగే ఇంధనపు పడవ వచ్చినప్పుడు 116 లీటర్ల ఎర్ర డీజిల్ (తక్కువ పన్నుతో అమ్మే, రంగు కలిపిన డీజిల్) పోయించాను. ఇందులో ఎంత భాగం ప్రయాణానికి, ఎంత భాగం ఇంటి అవసరాలకు అన్నది కొనేవారే ప్రకటించాలి. ప్రయాణపు వంతుకు పూర్తి పన్ను పడుతుంది. 58కి 116 కలిపితే 174. అంటే 180 లీటర్ల టాంకులో 6 లీటర్ల గాలి మాత్రమే మిగిలింది. ఈ 6 అంకె ఈ డైరీకి గుండెకాయ అని అప్పుడు నాకు తెలియదు.

*ఇప్పటికి ఖర్చు, ఇంధనం కాక: ఫిల్టర్లు రెండు 13, పేస్టు 8, మందు 17, రింగు 2, చేతి పంపు 19. మొత్తం 59 పౌండ్లు.*

మూడో దశ: గాలి తీయడం, మళ్లీ ఆగడం (అక్టోబరు 3 నుంచి 6)

ఫిల్టరు విప్పిన ప్రతిసారీ గొట్టాల్లో గాలి చేరుతుంది. మా ఊళ్లో ఆయిల్ ఇంజన్లతో చేలకు నీళ్లు పెట్టే రైతులు దీన్నే ఎయిర్ పట్టడం అంటారు, ఎయిర్ తీయడం వారికి గంజి వార్చడమంత మామూలు పని. ఈ ఇంజనుకు క్రమం ఇలా:

1. లిఫ్ట్ పంపు పక్కనున్న చేతి మీటను ఆడించాలి. మీట వదులుగా ఆడుతూ బిగువు తగలకపోతే లోపలి క్యామ్ ఆ పంపును అప్పటికే ఎత్తి పట్టుకుందని అర్థం. ఇంజనును ఒక చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నించాలి. ఇది తెలియక నేను గంటసేపు పంపు చెడిందని అనుకున్నాను.
2. ఫిల్టరు తల మీది స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేదాకా మీట ఆడించి, బిగించాలి.
3. ఇంజెక్షన్ పంపుకు రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి ప్రక్కన, ఒకటి పైన, వేగాన్ని అదుపు చేసే గవర్నరు భాగంలో. ముందు ప్రక్కది, తరువాత పైది, అదే పద్ధతిలో.
4. రెండు నాజిళ్ల వద్ద యూనియన్ నట్లను ఒక చుట్టు వదులు చేసి, ఆపే మీటను లోపలికి నెట్టి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. డీజిల్ చిమ్మగానే బిగించాలి. చిమ్మే డీజిల్‌కు చేతిని అడ్డుపెట్టకూడదు. ఆ పీడనానికి చర్మం లోపలికి దూరుతుంది.
5. పానాలు అంగుళాల కొలతవే వాడాలి. మిల్లీమీటరు పానాతో నా నట్టు ఒకటి గుండ్రంగా అరిగింది.

అక్టోబరు 4న క్రోప్రెడీ నుంచి బయలుదేరాం. నలభై ఒకటో నిమిషంలో, మూడు లాకుల్లో రెండు దాటాక, ఇంజను ఆగింది. ఈసారి పదిహేను నిమిషాల విశ్రాంతి సరిపోలేదు, మళ్లీ మొదటి నుంచి గాలి తీయవలసి వచ్చింది. టాంకు కడగక ముందు చివరిసారి 38 నిమిషాలు నడిచిన ఇంజను, ఇంత శుభ్రం చేశాక 41 నిమిషాలు నడిచింది. మూడు నిమిషాల లాభం కోసం అయిదు రోజులు.

ఫిల్టరు తల కింద సన్నగా డీజిల్ చెమర్చి కనబడింది. విప్పి చూస్తే కొత్త రింగు మీద పాత రింగు. ఫిల్టరు మార్చినప్పుడు పాత రబ్బరు రింగు తలకే అంటుకుని ఉండిపోవడం చాలామందికి జరిగేదే, నాకూ జరిగింది. దొంగ దొరికాడనుకుని సంతోషించాను. రాగి వాషర్లు కూడా కొత్తవి వేశాను. మొదట్లో రాసిన సూత్రం ప్రకారం ఫిల్టరు నెట్టే భాగంలో ఉంది. అక్కడ తడి కనబడినా గాలి లోపలికి రాదు. ఆలోచించి ఉంటే సంతోషించేవాణ్ణి కాదు. అక్టోబరు 6న 49 నిమిషాలు నడిచి, క్లేడన్ లాకుల కింద ఆగింది.

*ఇప్పటికి: ఆగినవి 5 సార్లు. ఖర్చు 63 పౌండ్లు.*

ఈ రోజుల్లో కాపురం

ఇంజను నడవకపోతే ప్రయాణం మాత్రమే కాదు, ఇల్లూ ఆగుతుంది. ఇంటి బ్యాటరీలు 110 ఆంపియర్-అవర్లవి నాలుగు. సీసం బ్యాటరీల్లో సగానికి మించి వాడకూడదు కనుక చేతిలో ఉన్నవి 220. రోజుకు 70 వాడే మేము ఫ్రిజ్ ఆపి 40కి తగ్గాం. అక్టోబరు ఎండకు కప్పు మీది సోలారు పలకలు రోజుకు 20 ఇస్తే గొప్ప. పెరుగు గిన్నెను మెట్ల కింద, నీటి మట్టానికి దిగువనున్న అరలో పెట్టాం; పడవ అడుగు ఎప్పుడూ కాలువంత చల్లగా ఉంటుంది, పెరుగు రెండు రోజులు పుల్లబడలేదు. తాగునీటి టాంకు, మరుగుదొడ్డి క్యాసెట్ (తీసి పారబోసే డబ్బా) మాత్రం కుళాయి దగ్గరికి, పారబోసే చోటికి చేరవలసిందే. క్యాసెట్‌ను చక్రాల బండి మీద గట్టు వెంట మైలు దూరం తోసుకెళ్లిన ఉదయం గురించి ఇంతకంటే రాయను.

నాలుగో దశ: అనవసరంగా మార్చిన పంపు (అక్టోబరు 8, 9)

లిఫ్ట్ పంపు లోపలి రబ్బరు పొర పాతబడితే ఇంజను వేడెక్కాక బలహీనపడవచ్చని చదివాను. పరీక్షించకుండానే 46 పౌండ్లు పెట్టి కొత్తది తెప్పించి బిగించాను. రెండు బోల్టులు, రెండు గొట్టాలు, గంట పని.

అక్టోబరు 9న క్లేడన్ అయిదు లాకులూ ఎక్కాం. ఇంజను 60 నిమిషాలు నడిచింది. 41, 49, 60: ప్రతి మార్పుతో మెరుగవుతోందని పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం కింద తరువాత ఎర్ర సిరాతో గీత గీశాను. పై లాకు దాటి, శిఖరపు కాలువలోకి, అంటే ఈ కాలువలో అన్నిటికంటే ఎత్తైన భాగంలోకి, ప్రవేశించిన కాసేపటికే ఆగింది.

*ఇప్పటికి: ఆగినవి 6 సార్లు. ఖర్చు 109 పౌండ్లు.*

అయిదో దశ: కొలవడం (అక్టోబరు 11 నుంచి 14)

ఆదివారం నాన్నతో ఫోనులో మాట్లాడుతూ ఈ అంకెలు చదివాను. నాన్న ముప్పై ఏళ్లు అయిదు గుర్రాల ఆయిల్ ఇంజనుతో వ్యవసాయం చేసినవారు. ఆయన ఇంజను గురించి అడగలేదు. "టాంకు మూతకు చిల్లు ఉంటుంది కదరా, అది తెరిచే ఉందా? వానాకాలం తడవకుండా టాంకు మీద పాలిథిన్ కట్టేస్తే మన ఇంజనూ ఇట్లాగే ఆగేది" అన్నారు. ఈ పడవ మూతకు చిల్లు ఉండదని, గాలికి వేరే గొట్టం ఉంటుందని నేను కొంచెం గర్వంగానే వివరించాను. పక్కనే ఉన్న మా ఆవిడ, "మావయ్యగారూ, ఇంజను ఆగాక ఈయన కర్ర దించడానికి మూత విప్పినప్పుడల్లా బుస్సుమని శబ్దం వస్తోందండీ" అంది. ఆ శబ్దం నేనూ విన్నాను. వేడెక్కిన ఇంజను దగ్గర ఏవో శబ్దాలు వస్తాయనుకున్నాను.

గాలి గొట్టం మూసుకుని ఉంటే ఏం జరుగుతుందో కాగితం మీద లెక్క వేశాను. వేసవిలో 100 గంటలకు 150 లీటర్లు వాడాం, అంటే గంటకు 1.5 లీటర్లు. టాంకులో 6 లీటర్ల గాలి ఉన్నప్పుడు ఒక లీటరు డీజిల్ బయటికి పోతే ఆ గాలే 7 లీటర్ల చోటులోకి సాగాలి. పీడనం ఏడింట ఆరు వంతులకు పడిపోతుంది. తగ్గుదల వాతావరణ పీడనంలో ఇంచుమించు 14 శాతం. గంటకు 1.5 లీటర్ల చొప్పున ఒక లీటరు ఖర్చవడానికి 40 నిమిషాలు పడుతుంది. మా ఇంజను ఆగినది 41కి.

నేను మూత విప్పగానే టాంకులోకి గాలి దూరి పీడనం సరిపోయేది. మరుసటి పరుగు 7 లీటర్ల గాలితో మొదలయ్యేది, అదే శాతం తగ్గడానికి ఇంకా ఎక్కువ డీజిల్ ఖర్చు కావాలి. ఆ లెక్కన తరువాతి పరుగులు సుమారు 47, 54 నిమిషాలు రావాలి. లాకుల్లో ఐడిల్‌గా నడిచే నిమిషాలకు ఖర్చు తక్కువ కనుక ఇది కచ్చితమైన లెక్క కాదు, అయినా నా పుస్తకంలోని 49, 60 దాని పక్కన చక్కగా కూర్చున్నాయి. పాత రింగు, రాగి వాషర్లు, కొత్త పంపు ఏమీ చేయలేదు. టాంకు కొంచెం కొంచెం ఖాళీ అవుతూ వచ్చింది, అంతే.

మరి టాంకు కడగక ముందు ఇదెందుకు ఇలా లేదు? మూత రింగు పగిలి ఉంది కనుక. వాన నీటిని లోపలికి వదిలిన ఆ పగుళ్లే టాంకుకు గాలిని కూడా ఇస్తూ వచ్చాయి. సెప్టెంబరులో ఇంజనును ఆపినది మడ్డి. ఇంజను ఆగి పంపు లాగడం మానగానే మడ్డి గొట్టం మొన నుంచి జారిపోయేది కనుక పదిహేను నిమిషాల్లో మళ్లీ నడిచేది. అక్టోబరులో ఆపినది నేను వేసిన రెండు పౌండ్ల కొత్త రింగు.

కాగితం మీద సరిపోయినంత మాత్రాన నమ్మకూడదని అప్పటికి బుద్ధి వచ్చింది. గాజు గిన్నెకూ లిఫ్ట్ పంపుకూ మధ్య టీ ఆకారపు కలపుతో వ్యాక్యూమ్ మీటరు, దాని పక్కన అడుగు పొడవు పారదర్శకమైన గొట్టం అమర్చాను. ఇలాంటి ప్లాస్టిక్ గొట్టం నిప్పుకు ఆగదు, పడవల భద్రతా తనిఖీకి కూడా నిలవదు. పరీక్ష జరుగుతున్నంతసేపు నేను ఇంజను పక్కనే మంటలార్పే సిలిండరుతో కూర్చున్నాను, పరీక్ష కాగానే తీసేశాను.

శిఖరపు కాలువ సుమారు 11 మైళ్లు ఒక్క లాకు లేకుండా సాగుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు కాలువల ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ నాటి పద్ధతిలో, మట్టం చెదరకుండా నేల వాలును పట్టుకుని మెలికలు తిరుగుతుంది కనుక పరీక్షకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. మా ఆవిడ చుక్కాని వద్ద, నేను ఇంజను వద్ద. టాంకులో గాలి సుమారు 10 లీటర్లు. పాదరస అంగుళాల్లో (పూర్తి వాతావరణ పీడనం సుమారు 30) మీటరు చూపినవి:

- మొదట్లో: 1.0. టాంకు నుంచి పైకి లాగడానికి ఈ మాత్రం ఉంటుంది.
- 20 నిమిషాలకు: 2.2
- 40 నిమిషాలకు: 3.4
- 60 నిమిషాలకు: 4.6. గొట్టంలో ఎర్ర డీజిల్ మధ్య ఆవగింజలంత బుడగలు.
- 64 నిమిషాలకు: 4.9. బుడగలు దారంలా వరుసకట్టాయి, ఇంజను గొంతు మారింది.

లెక్క ప్రకారం గంటకు 4.9 ఉండాలి, 4.6 వచ్చింది. టాంకు బల్లపరుపు గోడలు లోపలికి కొద్దిగా వంగి ఆ తేడా తెచ్చి ఉంటాయి. ఇంజను ఆగేలోపు మా ఆవిడను మూత విప్పమన్నాను. బుస్సుమంది. ముల్లు ఒక్క దూకులో 1.0కి వచ్చింది. నిమిషంలో బుడగలు పోయాయి, ఇంజను ఆగకుండా సాగింది. ఇన్ని రోజుల్లో ఆగబోయిన ఇంజనును ఆగకుండా నిలబెట్టగలిగినది ఇదే మొదటిసారి.

అయితే కేవలం 5 అంగుళాల వ్యాక్యూమ్‌కే లిఫ్ట్ పంపు చేతులెత్తేయకూడదు. ఇంజనును ఆపింది బుడగలు. ఆ వ్యాక్యూమ్ వద్ద ఎక్కడో ఒక కీలు గాలి పీలుస్తోంది. రెండో దశలో నాలుగో అంశం గుర్తుంచుకోమన్నది ఇందుకే: గాజు గిన్నెను విడదీసి తిరిగి బిగించినప్పుడు రాగి గొట్టం మీది ఇత్తడి ఆలివ్ రింగు (నట్టు బిగిస్తే గొట్టాన్ని నొక్కి పట్టి సందు మూసేది) సరిగా కూర్చోలేదు. మామూలు పీడనం వద్ద ఆ కీలు బాగానే ఉండేది, వ్యాక్యూమ్ పెరిగితేనే పీల్చేది. గాలి గొట్టం ఒక్కటే మూసుకుని ఉంటే ఇంజను ఇంకా చాలాసేపు నడిచేది. కీలు ఒక్కటే వదులైతే అసలు ఆగేదే కాదేమో.

*ఇప్పటికి: ఆగినవి 6 సార్లే. మీటరు, టీ, గొట్టం 24. మొత్తం 133 పౌండ్లు.*

ఆరో దశ: అసలు మరమ్మతు (అక్టోబరు 15, 16, ఫెన్నీ కాంప్టన్)

టాంకు గాలి గొట్టం పడవ వెనక పక్కభాగంలో, అంచుకు కొద్దిగా దిగువన ఇత్తడి మొనతో బయటికి తెరుచుకుంటుంది. మొనలో సన్నని తీగ జాలి ఉంది. జాలి కనబడలేదు, దాని మీద మూడు పూతల నీలం రంగు కనబడింది. మే నెలలో పడవను నీటి నుంచి బయటికి తీసినప్పుడు ఆ రంగు వేసింది నేనే. బ్రష్షుతో దాని మీదుగా పోయినప్పుడు అదేదో పాత స్క్రూ అనుకున్నట్లు లీలగా గుర్తుంది.

1. మొనను విప్పి, రంగు గీకి, కొత్త జాలి వేశాను. పాత జాలిని సూదితో పొడవడం వృథా. పెచ్చులు లోపలికే పడతాయి.
2. గొట్టంలోకి నోటితో ఊది, టాంకు మూత విప్పిన చోట మా ఆవిడ అరచేయి పెడితే గాలి తగిలింది. ఇంతకంటే పెద్ద పరికరం అవసరం లేదు.
3. టాంకు నుంచి గిన్నె దాకా రాగి గొట్టం కొత్తది, ఆలివ్ రింగులు కొత్తవి. పాత గొట్టం మీద పాత రింగు నొక్కిన గాడి ఉంటుంది, దాని మీద కొత్త రింగు కూర్చోదు కనుక గొట్టం మార్చడమే నయం.
4. ప్లాస్టిక్ గొట్టం తీసేసి, మీటరును మాత్రం పరీక్ష పూర్తయ్యేదాకా ఉంచాను.
5. మూడో దశలోని క్రమంలో గాలి తీశాను. ఈసారి పన్నెండు నిమిషాలు పట్టింది. మొదటిసారి రెండున్నర గంటలు పట్టింది.

*ఇప్పటికి ఖర్చు: గొట్టం, రింగులు 15, జాలి 3. మొత్తం 151 పౌండ్లు. ఇందులో పంపుకు పెట్టిన 46 దండగ. పాత పంపును గుడ్డలో చుట్టి అదనపు సామానులో దాచాను.*

ఏడో దశ: పది గంటలు (అక్టోబరు 17 నుంచి 20)

మొదటి రోజు 3.4 గంటలు, మార్‌స్టన్ డోల్స్ దాకా. మీటరు 1.0 నుంచి కదల్లేదు. రెండో గంటలో కొత్త భయం పట్టుకుంది: ఎప్పుడూ 80 దగ్గర ఉండే ఉష్ణోగ్రత 95కి ఎక్కింది, వేగం తగ్గింది. పాత అలవాటు ప్రకారం థర్మోస్టాట్, నీటి పంపు అంటూ మనసులో కొనుగోళ్ల జాబితా మొదలయింది. జాబితా ఆపి ముందు వెనక్కి చూశాను. పంకా (పడవను నెట్టే ప్రొపెల్లరు) వద్ద నీళ్లు బురదగా మరుగుతున్నాయి, పడవ మాత్రం కదలడం లేదు. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, పంకా పైనున్న తనిఖీ మూత విప్పి చేయి పెడితే రెండు మీటర్ల నైలాన్ తాడు, ఒక ఎరువుల సంచి ముక్క వచ్చాయి. ఈ మూతను తిరిగి గట్టిగా బిగించకుండా ఇంజను నడిపితే పంకా చిమ్మే నీరు లోపలికి వచ్చి పడవ మునుగుతుంది. బిగించాక ఇద్దరం వేర్వేరుగా చూడాలన్నది మా ఇంటి నియమం.

రెండో రోజు నాప్టన్ తొమ్మిది లాకులు దిగాం, 3.6 గంటలు. మూడో పరుగు నాప్టన్ కూడలి మీదుగా బ్రాన్‌స్టన్ దాకా, 3.2 గంటలు. మొత్తం 10.2 గంటలు. లెక్క ప్రకారం 15.3 లీటర్లు ఖర్చు కావాలి. కర్ర మీద 15 తగ్గినట్లు చూపింది. మీటరు తీసి, టీ కలపు స్థానంలో మామూలు కలపు వేసి, మళ్లీ గాలి తీశాను.

సొరంగం (అక్టోబరు 21)

బ్రాన్‌స్టన్ ఆరు లాకులు వెడల్పైనవి, రెండు నారోబోట్లు పక్కపక్కన పడతాయి. మరో పడవతో కలిసి ఎక్కాం. సొరంగంలోకి మాత్రం మేమే ముందు వెళ్లాం. ఈ సొరంగం 1796లో తెరిచారు. తవ్వేటప్పుడు దారి తప్పినందువల్ల మధ్యలో ఒక వంకర ఉంది, అక్కడ పడవ ముందుభాగం గోడకు ఆనబోతుంది. ఎదురుగా ఒక పడవ దీపం కనబడితే వేగం తగ్గించి కుడివైపుకు ఒదిగాం. ఇంజను శబ్దం ఇటుకల మధ్య రెట్టింపై వినబడుతుంటే ప్రతి చిన్న మార్పూ దగ్గులాగే తోచింది. 27 నిమిషాల్లో బయటపడ్డాం.

ఆ రోజు మొత్తం 1.8 గంటల నడక. బక్‌బీ లాకుల వైపు మొదటి ఖాళీ గట్టు దగ్గర పడవ కట్టాక మా ఆవిడ డీజిల్ మూత విప్పింది. ఏ శబ్దమూ రాలేదు. కర్ర 150 లీటర్లు చూపింది. మూత బిగించే ముందు, వచ్చే మేలో రంగు వేసేటప్పుడు గాలి గొట్టం మొన మీద అతికించడానికి ఒక చుట్ట టేపు కొనాలని పుస్తకంలో రాసుకున్నాను.